కనుబొమలు లేని ముఖం

తెల్లవారింది. మేక్లాంగ్ కాలువలో భిక్ష పడవ ఒక ఇంటి మెట్ల దగ్గర ఆగింది. పడవలో ఒక కుర్ర భిక్షువు. మెట్ల మీద అన్నం గిన్నెతో ముసలి బున్‌రియెన్, ఆమె రెక్క పట్టుకుని కూతురు ఉబోన్.

"మెల్లిగామ్మా, పాచి పట్టింది. నన్ను పట్టుకో."

"నువ్వెందుకే? మా ప్రయూన్ ఉంటే చెయ్యిచ్చి దింపేవాడు. స్వామీ, మా అబ్బాయి మీ విహారం వైపు గాని వచ్చాడా?"

"నిన్న కూడా అడిగావమ్మా."

"అడిగానా? మరేమన్నారు?"

"చూడమ్మా, ఆయన ముఖం సరిగా చూడు. ఎవరో చెప్పు, చూద్దాం."

"పరీక్ష పెట్టకక్కా. డాక్టరమ్మ చెప్పలేదూ? అది మొండితనం కాదు, జబ్బు. అడిగేకొద్దీ బెదిరిపోతుంది."

"నీకేం రా, చెప్తావ్... తప్పు, స్వామీ. కన్నకొడుకు భిక్షకొస్తే పోల్చుకోదు. మీ పడవొస్తుందని రోజుకు నాలుగుసార్లు అన్నం వండుతుంది. పక్కింటివాళ్ళేమో వయసైతే మామూలే అంటారు. కాదంటే, పోయిన జన్మ పాపం అంటారు. నాకు విసుగొచ్చి అరిచేస్తున్నా. తర్వాత ఏడుస్తున్నా."

"ఏంటే గుసగుసలు? స్వామికి ఆకలవుతుంది. ఇదిగో స్వామీ, అన్నం. ఈ పొట్లంలో వేయించిన కానాగంత చేప. ఇది మాత్రం మీకు కాదు."

"ఎవరికమ్మా?"

"మావాడికి. కనిపిస్తే ఇవ్వండి. పాత్రలో వేసింది ఇంకొకరికిమ్మని అనకూడదు, తెలుసు. పాపం నాకే తగలనీండి. వాడికి తోక ముక్కంటే ప్రాణం."

"ఇస్తానమ్మా."

"ఇంకో మాట. నేనే వాణ్ణి పోరాను స్వామీ. నేను పోయేలోపు భిక్షువువై కాషాయ చీవరం కట్టరా, దాని అంచు పట్టుకుని స్వర్గానికి పోతానని. అందుకే అలిగి వెళ్ళిపోయినట్టున్నాడు."

"అలగలేదమ్మా. నీ మాట విన్నాడు."

"వింటే నాకు తెలీదా? చీవరం వద్దు, ఏమీ వద్దనండి. ఇంటికొచ్చి నా పక్కన కూచుని నాలుగు ముద్దలు తినమనండి, చాలు."

"అమ్మా, జాగ్రత్త! పడతావ్!"

"చెయ్యి తీసెయ్యండి స్వామీ. ఆడదాన్ని మీరు తాకకూడదు. మా పిల్ల పట్టుకుందిలే. అయ్యో, మీకెందుకా కన్నీళ్ళు?"

"ఏం లేదమ్మా."

"ఏమనుకోకండి. నాకు స్వాములందరూ ఒక్కలాగే ఉంటారు. తలతోపాటు కనుబొమలూ గొరిగేస్తారు కదా. మావాడివి గుబురు కనుబొమలు, అచ్చం వాళ్ళ నాన్నవే. వాటిని బట్టే వాణ్ణి పోల్చుకుంటా."

"కనుబొమల్ని బట్టా?"

"ఈమధ్య ముఖాలన్నీ కలిసిపోతున్నాయి స్వామీ. ఎవరికీ చెప్పకండి, మా పిల్ల బాధపడుతుంది. ఆ రెండూ కనిపిస్తే చాలు, వీడు నావాడు అనుకునేదాన్ని."

"అక్కా."

"ఊఁ."

"నాకు గుండు చేసిన రోజు నుంచే కదూ, నన్ను మర్చిపోయింది?"

"ఊరుకోరా. ఈ వానాకాలపు దీక్ష, వర్షావాసం, ఇంకో పన్నెండు రోజులేగా. అవగానే చీవరం వదిలి ఇంటికొచ్చెయ్."

"వదలడం ఒక్కపూట పనక్కా. నా కనుబొమలు మొలిచేదాకా అమ్మకవి గుర్తుంటాయా?"