ఫోనులా కనిపించని ఫోను

నెహ్రూ నగర్‌లో ఒక మొబైల్ దుకాణం, మధ్యాహ్నం. కౌంటరుకు అటు విక్రమ్. ఇటు ఆసుపత్రి నర్సు రజని.

“ఇది కూడా వద్దు విక్రమ్.”

“సుబ్బరంగా ఉంది గదా దీదీ! మందుల యాప్ వేసి ఇచ్చేస్తాను. నెట్ లేకపోయినా నడుస్తది. పేరు కొడితే చాలు, డోసెంతో, దేంతో కలపకూడదో, సబ్ కుఛ్.”

“అదంతా నా పాత ఫోన్లోనూ ఉంది. డ్యూటీ ఎక్కేముందు లాకర్లో పెట్టించేస్తున్నారు.”

“అయితే కొత్తది కూడా పెట్టించేస్తారు గదా.”

“అందుకే, ఫోనులా కనిపించనిది కావాలి.”

“ఫోనులా కనిపించని ఫోనా? మజాక్ చేస్తున్నారా?”

“లేదు.”

“ట్యాబ్?”

“సినిమా చూస్తోందంటారు.”

“వాచీ ఉంది, స్మార్ట్‌ది.”

“వార్డులో చేతికి ఏటీ ఉండకూడదు.”

“పుస్తకం ఉంటది గదా దీదీ, చిన్నది, జేబులో పట్టేది?”

“ఉంది. మొన్న తీస్తే ఒకాయన, ‘ఏటమ్మా, ఇంకా చదువు పూర్తవలేదా? ఇంకో నర్సుని పిలు’ అన్నాడు.”

“హా హా! మరి చూడకుండా ఇచ్చీండి. ఇన్నేళ్ళ సర్వీసు, గుర్తుండదేటి?”

“ఇందాక ఈ ఫోను రేటు అడిగితే నువ్వు కంప్యూటర్ చూశావెందుకు?”

“తప్పు చెప్తే గిరాకీ తిడతాడు గదా.”

“నేను తప్పు ఇస్తే తిట్టడానికి మనిషుండడు.”

“...దీదీ, బురా మత్ మాన్నా, ఏటీ అనుకోకండి. ఆ వీడియోలో ఉన్నది...”

“నేనే.”

“మా గ్రూపులోనూ వచ్చింది. నేను ఫార్వర్డ్ చెయ్యలేదు. సచ్చీ.”

“కింద రాసింది చదివావా?”

“నాకు తెలుగు చదవడం రాదు. మమ్మీ చదివింది. ‘అమ్మని చూసుకోమంటే ఫోను చూసుకుంటోంది’ అని.”

“ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. ఆ మందు ఎంత తగ్గించి ఇవ్వాలో చూస్తున్నాను. అర నిమిషం. ఆవిడ పోయింది ఆ మందు వల్లా కాదు, ఆ రోజూ కాదు. కానీ ఎవరు వింటారు? మళ్ళీ చేతిలో ఫోను కనిపిస్తే ఉద్యోగం ఉండదని మేట్రన్ సంతకం పెట్టించుకుంది.”

“అంటే... చూస్తే నౌకరీ పోద్ది. చూడకపోతే...”

“ఆఁ.”

“రజనీ.”

“...మాస్టారూ! మీరేటి ఇక్కడ?”

“ఇక్కడున్నావని మీ అమ్మ చెప్పింది.”

“విక్రమ్, మాస్టారికి కుర్చీ వెయ్యి. గోపాలం మాస్టారు. నాకు స్కూల్లో చదువు చెప్పారు.”

“వద్దు బాబూ. నిలబడతాను.”

“అమ్మగారి కర్మకి రాలేకపోయాను మాస్టారూ. రావాలో వద్దో...”

“గిరీష్ ఉంటాడని రాలేదు. తెలుసు.”

“గిరీష్ భయ్యా? దీదీ, ఆ వీడియో పెట్టింది...”

“మా అబ్బాయే బాబూ. వీడియోలో మంచం మీద ఉన్నది నా భార్య.”

“సారీ మాస్టారూ. నాకు తెలీదు.”

“ఏది తీసుకుంటున్నావు రజనీ?”

“ఏదీ లేదు. అన్నీ ఫోనులాగే ఉన్నాయి.”

“అన్నిటికంటే చిన్నది ఏది బాబూ?”

“ఇదిగో మాస్టారూ. గుప్పిట్లో దాగిపోద్ది.”

“ఇచ్చెయ్యి. నేను కొంటాను.”

“వద్దు మాస్టారూ! నాకు కొని పెట్టక్కర్లేదు. ఒక్క మాట చెప్పండి చాలు. ఆ రోజు మీరు పక్కనే ఉన్నారు. నేనేం చదువుతున్నానో మీకు చూపించాను గూడా. అది మేట్రన్‌కి చెప్పండి.”

“చెప్పాలి.”

“చెప్తారా?”

“ఇది నల్లదేనా బాబూ, తెల్లదుందా? తెల్ల బట్టల్లో తెల్లదైతే...”

“మాస్టారూ.”

“చెప్తే మా వాడు అబద్ధం పెట్టాడని నేనే చెప్పినట్టవుతుంది రజనీ. వాడికి తల్లి పోయింది.”

“తొమ్మిదో క్లాసులో మీరే అన్నారు. తెలీనప్పుడు పుస్తకం తెరిచి చూడు, సిగ్గుపడకు అని.”

“అన్నాను.”

“మరి నాకెందుకీ దొంగచాటు?”

“సాయంత్రం డ్యూటీ నీదే కదా?”

“నాదే. ఎందుకు?”

“మందుల యాప్ ఇప్పుడే వేసేస్తావా బాబూ?”

“పాంచ్ మినిట్ మాస్టారూ.”

“ఇన్నాళ్ళూ ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోయారు. ఇవాళ వెతుక్కుంటూ వచ్చారు. ఎందుకు మాస్టారూ?”

“...ఏడో మంచం.”

“ఏడో మంచం ఖాళీ.”

“పొద్దున్న గిరీష్‌ని చేర్చాం. మలేరియా ముదిరింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు, వాళ్ళమ్మకిలాగే.”

“అయితే ప్రతి మందూ డోసు చూసే ఇవ్వాలి.”

“అర నిమిషం చాలు కదా నీకు? మంచం పక్క తెర దగ్గర నేను నిలబడతాను. ఏ మందైనా చూసి ఇవ్వు తల్లీ. ఎవరూ చూడకుండా నేను చూసుకుంటాను.”