ఏనుగు ముందా, జింకపిల్ల ముందా

అరకు సంతవీధిలో అప్పలనరసమ్మ టీకొట్టు. ఆదివారం మధ్యాహ్నం, బయట జల్లు. బల్ల మీద చనిపోయిన కూతురు సౌజన్య ఫోను, అందులో జంతువుల కార్డుల ఆట. దానికి ఇటు ఆవిడ, అటు పాడేరు నుంచి వచ్చిన అల్లుడు దుర్గాప్రసాద్.

"అది కాదత్తయ్యా. రాత్రి ఫోన్లో కూడా చెప్పాను. ఏనుగుని వదిలెయ్యండి. ముందు జింకపిల్లని దింపండి."

"సిన్నదాన్ని ముందు పంపీమంటావేటి బాబూ?"

"ఈ వారం రూలే అది. మొదట దింపిన కార్డు ఒక్క దెబ్బకే పోతుంది, ఎంత బలమున్నా సరే. అందుకే పనికిరానిదాన్ని ముందు పంపి, ఏనుగుని ఆఖరికి దాచుకోవాలి."

"జింకపిల్ల పనికిరానిదా?"

"ఆటలో అత్తయ్యా."

"ఆటలోనైనా పెద్దోళ్ళు ముందెల్లాలి, సిన్నోళ్ళు ఎనకాల. అటూ ఇటూ అయితే ఏటవుద్దో ఈ ఇంట్లో సూసేం కదా."

"ఫోను కాస్త ఇటు తిప్పండి అత్తయ్యా."

"టీ తాగు. సల్లారిపోతంది."

"తాగుతాను. ఇది చూడండి. సాయంత్రంతో సీజను అయిపోతుంది, మనకి ఒక్క పోరే మిగిలింది. గెలిస్తే సౌజన్య పేరు మొదటి వందలో ఉంటుంది. ఓడితే బోర్డు మీంచి పోతుంది."

"అంత ఆట ఎప్పుడాడేది బాబూ అది?"

"ఆసుపత్రిలో. ఒక చేతికి సెలైను, రెండో చేత్తో ఆట. అక్కడి నర్సు ఏమీ అనేది కాదు. పైగా తన చార్జరు తెచ్చి పెట్టేది."

"మంచి గుంట, ఆ పిల్ల."

"మంచిదే."

"పొద్దున్న ఏటైనా తిన్నావా?"

"బస్సెక్కే ముందు ఏదో తిన్నాను."

"ఏదో అంటే ఏటి?"

"అత్తయ్యా, టైమవుతోంది."

"సంబందం గురించి సర్వేశ్వరరావు ఫోన్ సేసేడా? కొయ్యూరులో ఆల సెల్లెలు, ఆ టీచరమ్మ..."

"చేశాడు."

"ఏటన్నావు?"

"డాలు కార్డు ముందే వాడెయ్యకండి. అవతలివాడు పులిని దింపాకే."

"నేనేటడిగేను, నువ్వేటి సెప్తన్నావు?"

"ఆదివారాలు ఖాళీ లేదన్నాను."

"ఆదోరాలు నీకేటి పని?"

"ఇదే."

"పెల్లికూతుర్ని సూడ్డానికి ఖాళీ నేదు, పేకాటకి ఖాళీ ఉందా?"

"పేకాట కాదత్తయ్యా ఇది."

"ముక్కలున్నాయి గదా. పేకాటే."

"మీకోసమే కదా వస్తున్నాను. దాని పేరు పోనివ్వొద్దని దినాలనాడు మీరే అన్నారు, ఈ ఫోను నా చేతిలో పెట్టి."

"అన్నాను. ఏడుపులో ఏటైనా అంటాం."

"అంటే?"

"అంటే ఏటీ నేదు. నువ్వు సిక్కిపోయేవు. కళ్ళ కింద సూడు ఎలాగైపోయిందో."

"నిద్ర సరిగ్గా లేదు, అంతే. మొదలైంది, చూడండి. నొక్కండి. జింకపిల్ల."

"నొక్కతన్నాను."

"అది ఏనుగు. అత్తయ్యా, వేలు ఏనుగు మీదుంది."

"ఎరుగుదును."

"తియ్యండి, తియ్యండి... నొక్కేశారు."

"నొక్కేసేను."

"పోయింది. ఒక్క దెబ్బకి. సరే, కంగారు పడకండి. ఎలుగుబంటిని దింపండి. అదిగో వాడి పులి వచ్చేసింది. డాలు వెయ్యండి. డాలు, డాలు..."

"ఏదీ డాలు?"

"కుడివైపు. ఊఁ. ఇంక లాభం లేదు."

"ఏటి రాసేడక్కడ?"

"ఓడిపోయామని."

"బోర్డు సూడు."

"చూస్తున్నాను. తెరుచుకోవాలి కదా, సిగ్నలు లేదు. ఆఁ. వచ్చింది."

"ఉందా?"

"లేదత్తయ్యా. సౌజన్య లేదు."

"ఊఁ."

"పర్వాలేదు. మీ తప్పేం లేదు, వేలు జారింది. వచ్చే సీజనులో మళ్ళీ కిందనుంచి మొదలెడదాం. నేనొస్తాను, మెల్లగా నేర్పుతాను..."

"నాకు నేర్పక్కర్నేదు బాబూ. పొద్దున్న కొట్టు తీసేక, నువ్వు సెప్పినట్టే జింకపిల్లని ముందు దింపి, ఉత్తుత్తి ఆటలో గెల్సేను."

"మరి ఇప్పుడెందుకు..."

"ఇప్పుడు గెలిత్తే నువ్వు మల్లీ ఆదోరం ఈ బల్ల కాడే కూసుంటావు. అందుకే దాని పేరు నా సేత్తోనే తీసేసేను."