మైకు ఆపని ఆదివారం

కుట్టుమిషను ముందు కోడలు. గుమ్మంలో, చర్చిలో మైకులు చూసుకునే అమ్మాయి. పక్క గదిలో, మంచం పట్టిన అత్తగారు.

“తప్పు నాదే వదినా, తిట్టు. పాస్టరు గారి కాలర్ మైకు ఆపడం మర్చిపోయా. ఆయన నిన్ను ప్రార్థన గదిలోకి తీసుకెళ్ళడం కూడా చూడలేదు. నా ధ్యాసంతా బిస్కెట్ ప్యాకెట్ మీదే.”

“మెల్లిగా మాట్లాడు. పక్కనే ఉన్నారు.”

“సారీ. హాల్లో స్పీకర్లు కట్టేశా కాబట్టి అక్కడెవరూ వినలేదు. ఫోన్లలో చూసే లైవ్‌లో మాత్రమే వెళ్ళింది.”

“మాత్రమేనా! అందరూ చూసేది అదే కదే తల్లీ.”

“అందరూ ఏం కాదులే. ఆశీర్వాదం అవగానే జనం పరారు. ఆఖరిదాకా ఉండేది ముగ్గురో నలుగురో.”

“అందులో మా అత్తయ్య ఒకరు.”

“నిద్రపోయి ఉండొచ్చుగా?”

“ఆవిడా? ఫోన్ గుండె మీద పెట్టుకుని, తెర నల్లబడేదాకా వింటారు. ఎంతవరకు వెళ్ళింది? నిజం చెప్పు.”

“అదీ... ‘ప్రభువా, మా అత్తయ్యని తీసుకెళ్ళిపో, ఇంక నా వల్ల కాదు’ దాకా. అప్పుడు పరిగెత్తుకెళ్ళి కట్ చేశా.”

“సరిగ్గా అక్కడా! ఆ తర్వాతేనే నేను ఏడ్చింది. ‘ఇలా అడిగినందుకు నన్ను క్షమించు’ అన్నది. అదెవరూ వినలేదన్నమాట.”

“దేవుడు విన్నాడుగా.”

“ఆయనతో పేచీ లేదే. ఈవిడ మొహం ఎలా చూడను? ఆదివారం నుంచి ఆ గదిలో అడుగు పెట్టలేదు. అన్నం, స్నానం అన్నీ మీ అన్నయ్యే. ఏంటని అడిగితే నడుం నొప్పన్నాను.”

“ఇవాళ అన్నయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడుగా?”

“అందుకే నిన్ను రమ్మన్నా. దుప్పటి మార్చాలి. కాస్త నువ్వు...”

“నేనా? నాకు కేబుళ్ళు మార్చడం తప్ప ఏం రాదు వదినా!”

“గుమ్మం దగ్గర నించుని చెప్తాలే.”

“గుమ్మం దాకా వచ్చేదానివి లోపలికే రావచ్చుగా?”

“రాలేనే. ఇన్నేళ్ళు ఎత్తి, తుడిచి, తిప్పి పడుకోబెట్టిన చేతులే ఇవి. ఇప్పుడు ముట్టుకుంటే, ఎప్పుడు పోతానా అని చూస్తోంది అనుకోరూ?”

“అనుకోరు.”

“నీకేం తెలుసు?”

“తెలీదు. ఊరికే, ఓదార్పుకి అన్నా.”

“ఏయ్, మైకు పిల్లా!”

“అయ్యో, పిలుస్తున్నారు. ఆ... మామ్మగారూ?”

“గుసగుసలు ఆపండి. కాళ్ళు పోయాయి గానీ నా చెవులు పోలేదు. అది ఉందా అక్కడ?”

“ఉంది. ఏడుస్తోంది.”

“చెప్పకే!”

“ఆదివారం నాడు అదన్నది విన్నానని చెప్పు దానికి.”

“అత్తయ్యా... నేను... ఏదో నోరు జారి...”

“నోరు జారడం ఏంటే? మోకరించి అడిగావు. నేనూ అలాగే అడిగాను, మా అత్తగారి గురించి.”

“మీరా?”

“నేనే. నాకు మైకు లేదు, అంతే తేడా. ఆ సంగతి తెలీకుండానే ఆవిడ పోయింది. దేవుడు క్షమించాడు, నమ్ముతాను. కానీ ఆవిణ్ణి అడిగే దారే లేకుండా పోయింది నాకు. నీకు నేనింకా ఉన్నాను కదే. లోపలికి రా, అడుగు.”