మీట ఎవరి చేతిలో

టీవీలో పేరున్న సినిమా హీరో ఒకాయన తన ఇంట్లోని బొమ్మరైళ్ళను చూపిస్తున్నాడు. సోఫాలో కూర్చుని మొగుడూ పెళ్ళామూ చూస్తున్నారు.

“ఆ స్టేషను చూడు, పెంకులన్నీ ఒకే రంగు. డబ్బాలోంచి తీసి పెట్టేశాడు. నేనైతే ఒక్కో పెంకుకీ విడిగా రంగు వేశాను.”

“వేశారు, నా గోళ్ళరంగు బ్రష్షు పాడుచేసి.”

“ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తుంటే చిన్నపిల్లాడి ఆటలన్నారు అందరూ. ఈయన చేస్తే కళ అయిపోయింది. చూస్తూండు, రేపు మీ అన్నయ్య కూడా ఓ ఇంజను కొంటాడు.”

“కొననివ్వండి, మీకు తోడుంటాడు.”

“ఈయనకి పట్టాలు తుడవడం కూడా వచ్చుండదు. అన్నీ పనివాళ్ళే చేస్తారు.”

“అటు చూడండి, పట్టా మీద వేలు రాసి మురికి చూసుకుంటున్నాడు. అచ్చం మీలాగే చొక్కాకి తుడిచేశాడు కూడా. ఒప్పుకోండి, ఆయన్ని చూస్తే మీకు కడుపుమంట.”

“నీకు లేదు కాబట్టి ఎన్నైనా చెప్తావు.”

“ఎందుకు లేదు? వాళ్ళావిడని చూస్తే నాకూ ఉంది.”

“ఆవిడేం చేసింది?”

“రైలు నడుపుతోంది. మీట ఆవిడ చేతికిచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. మీరేమో నా జడ తగిలి రైలు పెట్టెలు పడిపోతాయని నన్ను మీ రైళ్ళ గది గుమ్మం కూడా దాటనివ్వరు.”

అతను సోఫాలోంచి లేచాడు.

“సరే, జడ ముడేసుకుని రా. మలుపు దగ్గర మాత్రం నేను చెప్పినట్టే తిప్పాలి.”

“ఆయన ఆవిడకి ఏమీ చెప్పడం లేదు, చూశారా?”