దీర్ఘం

1962 జూన్‌లో ఒక ఆదివారం, ప్రతి వారంలాగే తాను వాక్యం చదివిన ఆరాధన ముగిశాక, రిటైరైన బడిపంతులు వికారాబాద్ చర్చి మెట్ల మీద కూతురి పక్కన కూర్చున్నాడు. పొద్దుటి రైలుకు తాండూరు నుంచి వచ్చిన ఆమె, కొడుకు హాస్టల్ దరఖాస్తు ఆయన చేతిలో పెట్టి నింపమంది.

"అన్ని రాసిన బిడ్డా. మతం అన్న గడి ఒక్కటి ఇడిసిన."

"హిందూ అని రాయి నాయినా. గా హరిజన హాస్టల్ల కిరస్తానీ పిల్లలకు జాగ లేదంటున్నరు."

"వానికి బాప్తిస్మం ఇచ్చిననాడు ఎత్తుకొని నిలబడ్డది నేను."

"బాలప్ప అని రాసినవ్ గద. చర్చిల పేరు యోహాను గాదా? అప్పుడు చెయ్యి ఆగలేదేంది?"

"గా పేరు ఊరోళ్లు పెట్టిన్రు. మతం నేను కోరుకున్నది."

"సదువు లేకుంటె వాడు బండల గనికే పోతడు. వాళ్ల నాయిన గా గనిలనే పాణం ఇడిసె."

పంతులు కలం ఆమె ముందుకు జరిపాడు.

"నా చెయ్యి రాయదు. నువ్వే రాయి."

ఆమె కూడబలుక్కుంటూ రాసింది. ఆయన అద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"గిదేంది? హిందు అని రాసినవ్. దీర్ఘమేది?"

"తప్పు రాస్తె వాపస్ పంపుతరా నాయినా?"

ముప్పై అయిదేళ్లు పలకలు దిద్దిన చెయ్యి ఆగలేదు. కలం లాక్కుని కొమ్ముకు దీర్ఘం తానే ఇచ్చాడు. సిరా ఆరేదాకా కాగితం మీద ఊదాడు.

"వచ్చే ఆదివారం వాక్యం ఇంకెవరినన్న చదవమని పాస్టర్ అయ్యగారికి చెప్పి పో, బిడ్డా."