మంచినీళ్ళ ట్యాంకు మీద మనవరాలు

“అంతా మీవల్లే అమ్మమ్మా! ఈ ట్యాంకులో పుట్టిన రోగమే మా కాలాన్ని ఊడ్చేస్తోంది!”

ఎగురుతూ వచ్చి ట్యాంకు మీద దిగిన పిల్ల అరిచింది. నీళ్ళు పరీక్షిస్తున్న ఉద్యోగిని ఉలిక్కిపడింది.

“అమ్మమ్మేంటి? నాకింకా పెళ్ళే కాలేదు!”

“అవుతుందిలే. నీ మనవరాల్ని. కాలం దాటొచ్చాం, మా దండు మొత్తం కింద ఉంది. కొండల్నే ఎత్తేస్తాం!”

“ముక్కు మాత్రం అచ్చం మా అమ్మదే. నీళ్ళు చెడ్డాయని నేనూ మొత్తుకుంటూనే ఉన్నానే! మా నీళ్ళ ఆఫీసు పెద్దసారేమో తన సన్మానసభ అయ్యాక చూద్దామంటాడు.”

“అయితే ఈ గొట్టాలు విరిచేస్తా!”

“విరిస్తే రేపు కొత్తవి బిగించి ఇవే నీళ్ళు వదుల్తాడు. నీకంత బలముంటే ఆయన్ని కుర్చీతో సహా ఎత్తుకురా. ఈ నీళ్ళు గ్లాసుడు తాగుతాడో, ఇప్పుడే సరఫరా ఆపి ట్యాంకు కడిగిస్తాడో, ఊరందరి ముందూ తేల్చి చెప్పాలి!”