ఉతికి అమ్మిన చీర

గురవయ్యని ఒక సాలాయన ఉండాడంట, మగ్గాలపాలెంలో. ఆ ఊళ్ళో అరవై గడప, గడపకో మగ్గం, అనుకో. సంతలో ఆ ఊరి చీరంటే ఎవరూ పట్టి చూసేవాళ్ళు కాదు, ఊరి పేరడిగి కొనేవాళ్ళు. అట్టా నడిచిపోతా ఉంటే ఏమైందంటే, సంతలోకి మిల్లుగుడ్డ దిగింది. అది చవక. జనం అటు తిరిగారు. మనం కూడా తిరుగుతాం గదా, ఎవర్నంటాం. అప్పుడు పెద్దసాలె బసివయ్య అందర్నీ కూచోబెట్టి చెప్పాడంట, పడుగులో, అదే నిలువు దారాల్లో, నాలుగు పోగులకి ఒక పోగు ఎగ్గొట్టండి, గంజి మాత్రం దండిగా పట్టించండి, చేత్తో పట్టుకుంటే బిరుసుగానే ఉంటది, ఎవరికి తెలుస్తదీ అని. గురవయ్యకి మనసొప్పలా. ఒప్పకపోతే పొయ్యి రాజదు గదా. పెళ్ళాం సుబ్బరత్తమ్మ ఖాళీ కుండ వంక చూసిందంట, అంతే. ఆయనా ఎగ్గొట్టాడు.

ఆ ఏడు బాగా అమ్ముడుపోయినయ్యి. ఊరంతా బసివయ్యని మెచ్చుకున్నారు. మరుసటేడు ఏమైందంటే, గొల్లల అంకమ్మ చంటిదాన్ని చంకనేసుకోని గురవయ్య గుమ్మంలోకొచ్చింది. బిడ్డ నుదుట గుడ్డకట్టు. నాలుగు ఉతుకులకి గంజంతా పోయి, ఆయన నేసిన చీర జల్లెడైపోయిందంట. తెలీక దాంతోనే ఉయ్యాలేసింది. చిరిగి బిడ్డ కిందపడింది. బతికిందిలే, భయపడమాకండి. అంకమ్మ తిట్టలేదు, శాపం పెట్టలేదు. చిరిగిన చీర ఆయన ముందు పెట్టి, "మీ ఊరి చీరని చూడకుండా కొన్నా మావా. మా అమ్మ కూడా అట్టాగే కొనేది," అని ఎళ్ళిపోయింది. ఆయన ఆ చీర పట్టుకోని పొద్దుగూకేదాకా అట్టాగే కూచున్నాడంట.

తెల్లారి మళ్ళీ నిండు పోగు ఎక్కించాడు. ఎక్కిస్తే ఏముంది, సంతలో ఏ ఊరని అడగటం, మగ్గాలపాలెమంటే చీర కిందపెట్టటం. ఒక్కో మగ్గం ఆగిపోయింది. జనం మిల్లులో కూలికి పోయారు, అందరికంటే ముందు బసివయ్యే పోయాడంట. గురవయ్య ఏం చేశాడంటే, సంతకి ఒక గోలెం మోసుకపోయి, నీళ్ళుపోసి, కొత్తచీరని నలుగురి ముందర పిసికి పిసికి ఉతికి, ఆరేసి అమ్మబోయాడు. ఉతికిన చీర ఎవరు కొంటారయ్యా అని నవ్వారు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. వారం వారం మొయ్యటం, ఉతకటం, మళ్ళీ మోసుకరావటం. చేతులు నానిపోయి, నడుము వంగిపోయింది. "ఇంక చాలించయ్యా," అందంట సుబ్బరత్తమ్మ. "చాలించి ఏం చెయ్యనే," అన్నాడంట.

ఐదో ఏట అంకమ్మ వచ్చింది. తడిచీర రెండు కొసలూ పట్టి గట్టిగా గుంజి చూసింది. కొనలా. పైవారం వచ్చి మళ్ళీ గుంజింది. కొనలా. మూడోవారం చీర మడతపెట్టి తీసుకుంది. ఆమెను చూసి ఇంకొకామె, ఆమెను చూసి మరొకామె. అట్టా అట్టా ఇంకో నాలుగేళ్ళకి పెద్ద వర్తకుడు బండి కట్టుకోని వచ్చాడంట, పండక్కి అరవై చీరలు కావాలని. అప్పటికి ఊళ్ళో మగ్గాలు మూడు. గురవయ్యకి చూపు ఆనట్లేదు, తెగిన పోగు సుబ్బరత్తమ్మే అతుకుతా ఉంది. "కావాలన్నప్పుడు బేరం రాలా. వచ్చినప్పుడు చేతులు లేవు," అని మాత్రం అన్నాడంట గురవయ్య. కోపంగా కాదు, అలిసిపోయి. వర్తకుడు ఉన్న ఆరు చీరలూ తీసుకోని ఎళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ మగ్గం గుంటలో దిగి నేతకి కూచున్నారు.

అదీ సంగతి. తప్పెవరిదని నన్నడగమాకండి. చెప్తా ఉన్న నేను కట్టుకున్నది మిల్లు పంచే. చవగ్గా వచ్చింది, కొన్నా.